ఫోర్మన్ కొడుకు

కొడుకు వచ్చే రోజున భీమన్న పక్క మంచం బాబు మియాను ఒక తెల్ల చొక్కా అడిగి తొడుక్కున్నాడు. మస్కట్ సీబ్ విమానాశ్రయం బయట ఎండలో రెండు గంటలు నిలబడ్డాడు. రాజలింగు రేకు పెట్టె భుజాన పెట్టుకుని బయటికి వచ్చి, తండ్రికి దండం పెట్టి, నీ ఆఫీసు ఇక్కడికి ఎంత దూరమని అడిగాడు. భీమన్న ఎడమచేత్తో పెట్టె అందుకున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

డెబ్బై మూడులో మస్కట్ వచ్చినప్పుడు భీమన్న మంచి వడ్రంగి. అతను బిగించిన తలుపు ఎంత వాన పడినా ఉబ్బదని జగిత్యాల వైపు పేరు. మూడో ఏడు కోత మిషన్ కింద కుడిచెయ్యి పడి రెండు వేళ్లు, బొటనవేలు సగం పోయాయి. కంపెనీ వాళ్లు ఇంటికి పంపకుండా హెల్పర్‌గా ఉంచుకున్నారు. పాత చెక్క పలకల్లో మేకులు పీకడం, పనివాళ్లకు నీళ్లు మొయ్యడం అతని డ్యూటీ.

చెయ్యి పోయిందని భార్య ముత్తవ్వకు రాయించడానికి భీమన్నకు నోరు రాలేదు. ఇకమీద ఉలి పట్టనక్కర్లేదు, పట్టేవాళ్ల మీద నన్ను ఫోర్మన్ చేశారు అని బాబు మియా చేత రాయించాడు. కంపెనీ ఆఫీసులో చాయ్ కాచే బాబు మియాది కడప. ఎందుకన్నా ఈ మాట అని అతను అప్పుడే అడిగాడు. ఒక్క ఉత్తరమే కదా అన్నాడు భీమన్న.

ఆ ఒక్క ఉత్తరం తర్వాత ఇంకోటి రాయక తప్పలేదు. సెలవు ఇచ్చినా ఊరికి పోవడం మానేశాడు. ఊళ్లో రాజలింగును అందరూ ఫోర్మన్ కొడుకు అనడం మొదలుపెట్టారు. వాడు కరీంనగర్ బస్సు డిపోలో మెకానిక్ పని నేర్చుకునేవాడు. ఫోర్మన్ కొడుకు బస్సుల కింద పడుకుని గ్రీజు పూసుకోవడమేమిటని అది వదిలేశాడు. ఏజెంటును పట్టుకుని, బొంబాయి వెళ్లి, అన్నీ అయ్యాకే ఉత్తరం వేశాడు. నీ కంపెనీకే వస్తున్నా, నీ చేతికింద ఉంటా అని అందులో ఉంది.

మొదటి పది రోజులు ఎలాగో గడిచాయి. ఇద్దరివీ వేరు వేరు సైట్లు. భీమన్న కొడుకు లేవకముందే వెళ్లిపోయేవాడు. చెయ్యి సంగతి అడిగితే చిన్న దెబ్బ తగిలిందని గుడ్డ చుట్టుకునేవాడు. ఫోర్మన్ లేబర్ రూమ్‌లో ఎందుకుంటాడని అడిగితే, పనివాళ్లను కనిపెట్టుకుని ఉండొద్దా అన్నాడు. వాడు తలూపాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో.

అప్పుడే మస్కట్‌లోని ఖురం పేటలో అమెరికా ఇంజనీర్ల క్లబ్బు వాళ్లు ఒక నాటకం తలపెట్టారు. వేదిక మీద చెక్కతో ఒక ఇల్లు కట్టి పెట్టాలి. కంపెనీ ఆరుగురిని పంపింది. తండ్రీకొడుకులిద్దరి పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయని భీమన్నకు ట్రక్కు ఎక్కాకే తెలిసింది. దిగిపోవడానికి లేకపోయింది.

మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక పెద్ద పలక ఎత్తబోతే భీమన్న చేతిలోంచి జారిపోయింది. అసలు ఫోర్మన్ వచ్చి, ముసలోడా, నీకు చేతులున్నాయా లేవా అని హిందీలో కసిరి గుడ్డ కట్టిన చేతిని పట్టి గుంజాడు. రాజలింగు ఒక్క ఉదుటున వచ్చి అతన్ని వెనక్కి తోసి పడేశాడు. తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా, ఈయన ఫోర్మన్ అన్నాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. కిందపడ్డ ఫోర్మన్ కూడా లేచి దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. రాజలింగు తండ్రి వైపు చూశాడు. భీమన్న పలక వైపు చూస్తున్నాడు.

క్లబ్బు వెనక గోడ నీడకు వాడు తండ్రిని తీసుకుపోయి చేతి గుడ్డ విప్పాడు.

"ఎప్పుడైంది?"

"రెండేండ్లాయె."

"అవ్వకు ఎరుకనా?"

భీమన్న తల అడ్డంగా ఊపాడు.

"చెయ్యి పోయిందని చెప్తే మేం నిన్ను కాదంటుంటిమా? నువ్వు ఫోర్మన్‌వని నేను డిపో ఇడిసిపెట్టి వస్తి."

"మొగోణ్ణి గదరా. చేతగానోణ్ణయిన్నని ఇంటికెట్ల రాయాలె?"

"నిన్ను మొగోనివి కమ్మని ఎవలడిగిండ్రు నాయినా?"

భీమన్న చెయ్యి పైకి లేచింది. లేచింది వేళ్లు పోయిన ఆ చెయ్యే. కొడుకు కదలలేదు, మొహం తిప్పుకోలేదు. భీమన్న దాన్ని కిందికి దించేశాడు. ఆ రోజు నుంచి రాజలింగు తండ్రితో మాట్లాడడం మానేశాడు.

ఫోర్మన్ను తోసినందుకు వాణ్ణి తిరుగు విమానం ఎక్కిస్తామన్నారు ఆఫీసువాళ్లు. భీమన్న వాడికి తెలియకుండా వెళ్లి ఫోర్మన్ కాళ్లు పట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఇంటికి వద్దులే, దూరాన సమాయిల్ సైటుకు పంపిద్దామని ఆఫీసుకు చెప్పాడు. కాళ్లు పట్టుకున్న సంగతి సాయంత్రానికి రూమ్‌లో అందరికీ తెలిసింది. రాజలింగు పెట్టె సర్దుకున్నాడు. ట్రక్కు ఎక్కేటప్పుడు భీమన్న తెచ్చిన ఖర్జూరం పొట్లం తీసుకోలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం క్లబ్బులో నాటకం ఆడి చూసుకున్నారు. చెక్క గోడలు జరపడానికి భీమన్నను ఉండమన్నారు. చాయ్ తెచ్చిన బాబు మియాకు మద్రాసులో దొరల ఇంట్లో వంట చేసినందున ఇంగ్లీషు తెలుసు. ఇద్దరూ గోడ చాటున కూర్చున్నారు. వేదిక మీద ఒక తల్లి, తండ్రి, ఇద్దరు కొడుకులు భోజనం చేస్తూ మాట్లాడుకుంటున్నారు. మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా.

బాబు మియా చెవిలో చెప్పాడు. ఆ తండ్రి తాను ఓడకు కెప్టెన్‌గా చేశానని పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాడట. నిజానికి ఓడలో వంటవాడట. తల్లికి మొదటినుంచీ తెలుసట. చిన్నకొడుకు ఆ సంగతి ఇప్పుడు బయటపెడుతున్నాడట.

చిన్నకొడుకు గిన్నె తోసేసి లేచాడు. తండ్రి బల్ల మీద గుద్దాడు, తర్వాత గొంతు తగ్గించి ఏదో బతిమాలాడు. కొడుకు తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తలుపు బిగించిన రోజు పలక అందించింది భీమన్నే. తండ్రి ఖాళీ కుర్చీతో నవ్వుతూ మళ్లీ ఓడ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. చూస్తున్న అమెరికా ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"కొడుకు మల్ల వస్తడా?" అని అడిగాడు భీమన్న.

"యాడొస్తాడన్నా. లైట్లు ఆర్పేస్తారు, అంతే."

లైట్లు ఆరి, మళ్లీ వెలిగాయి. తండ్రి వేషం కట్టిన ఇంజనీరు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కిందికి దిగి, చిన్నకొడుకు వేషం వేసిన కుర్రాడి భుజం తట్టి చల్లని సీసా అందించాడు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. భీమన్న లేచి గోడ జరపబోయాడు. చేతిలో పట్టు నిలవక బాబు మియాను సాయం పట్టమన్నాడు.

మూడు నెలలకు ముత్తవ్వ రాయించిన ఉత్తరం వచ్చింది. బాబు మియా చదివాడు. రాజలింగును సమాయిల్‌లో ఫోర్మన్ చేశారట, వాడే రాశాడట. తండ్రి పోలికే వచ్చిందని ఊరంతా అంటున్నారట.

తాను ఆ మాట రాయించిన నాడు తన చెయ్యి ఏమయిందో భీమన్నకు తెలుసు. శుక్రవారం సెలవు నాడు సిమెంటు ట్రక్కులో సమాయిల్ వెళ్లాడు. అక్కడ సెలవైనా ఖర్జూరపు తోటల పక్కన కాలువ కడుతున్నారు. రాజలింగు నెత్తిన రాళ్ల తట్టతో కనిపించాడు. ఒంటికి ఏమీ కాలేదు. బాగా నల్లబడ్డాడు, చిక్కాడు.

"అవ్వకు గట్లెందుకు రాసినవ్ బిడ్డా?"

రాజలింగు తట్ట దించాడు.

"నువ్వెందుకు రాసినవో గందుకే."

డిపోలో అడుగు, మళ్లీ తీసుకుంటారేమో, పోతావా అని భీమన్న అడిగాడు. ఏ మొహం పెట్టుకుని పొమ్మంటావన్నాడు కొడుకు. ఎవరో పిలిచారు. వాడు తట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. తిరుగు ట్రక్కు వచ్చేదాకా భీమన్న ఆ కాలువ గట్టునే కూర్చున్నాడు. కొడుకు రెండుసార్లు అటుగా వచ్చాడు గానీ ఆగలేదు.

మర్నాడు బాబు మియా కాగితం తీసుకుని, ఏం రాయమంటావన్నా అన్నాడు. ఉన్నది రాయమనడానికే భీమన్న నోరు తెరిచాడు. కొడుకు రాసింది అబద్ధమని చెప్పాలంటే ముందు తన అబద్ధం బయటపెట్టాలి. తనది బయటపెడితే ముత్తవ్వ ఒకేనాడు ఇద్దరు ఫోర్మన్లనూ కోల్పోతుంది.

"సంతోషమని రాయి," అన్నాడు.

బాబు మియా రాశాడు.