బంక తీసిన బొక్కలు

బొక్క చేతిలో పడిందంటే అది ఆవుదో బర్రెదో, పడి ఎన్నేళ్ళయిందో, నల్లరేగడిలో ఉందో ఎర్రచెల్కలో ఉందో మజహర్ చెప్పేస్తాడు. అనుమానమొస్తే నాలుక చివర ఆనించి చూస్తాడు. పాత బొక్క నాలుకకు పట్టుకుంటుంది. కొత్తది జారుతుంది. తాండూరు స్టేషన్ వెనక అతని పశువుల ఎముకల గోదాము. అరవైతొమ్మిదిలో నెత్తిమీద తట్టతో ఊళ్ళు తిరిగి మొదలుపెట్టిన బేరం అది. డెబ్బైరెండు కరువులో పశువులు ఎక్కడివక్కడ పడిపోయినప్పుడు అతని సరుకు వ్యాగన్లకెక్కింది. జనం ఏడ్చిన ఏడు తనకు కలిసొచ్చిన ఏడని అతనికి తెలుసు. ఆ సంగతి ఎవరి ముందూ ఎత్తడు, అంతే.

ఎనభైఐదు జనవరిలో శంకరప్ప అనే ప్రొఫెసరు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. కర్ణాటక వైపు ఏదో యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడట. దోమ అవతల ఉన్న బూడిదగడ్డను మూడు వారాలుగా తవ్విస్తున్నాడు. తాటిచెట్టంత ఎత్తు గడ్డ అది, లోపలంతా బూడిదే. చుట్టుపక్కల రైతులు తరాలుగా బండ్లు కట్టుకొచ్చి ఆ బూడిదను ఎరువుగా తోలుకుపోతున్నారు.

"ఆ బూడిద ఎవరిదో తెలుసా సేటూ?" అన్నాడు శంకరప్ప.

"రాకాసోళ్ళను కాలబెట్టిన్రంటరు."

"రాక్షసులు కాదు, పశువుల కాపరులు. నాలుగువేల ఏళ్ళ కింద పెంటను కుప్పపోసి కాల్చారు. ఆ పక్కనే గింజలు కూడా విత్తారు. ఈ నేలమీద మొదటి సేద్యం వాళ్ళదే. తమలో చచ్చినవాళ్ళను అక్కడే పాతిపెట్టుకున్నారు. వాళ్ళు ఎక్కణ్ణుంచో నడిచి వచ్చారా, మొదటినుంచీ ఇక్కడివాళ్ళేనా, ఇప్పుడు గొర్రెలు కాసేవాళ్ళు వాళ్ళ సంతతేనా? అది తేల్చాలని నా తంటా."

"గది బొక్క చెప్తదా సార్?"

"ఇవాళ చెప్పదు. కానీ పోయినేడు విదేశంలో, నూటనలభై ఏళ్ళ కింద చచ్చిన జంతువు ఎండుతోలులోంచి దాని వంశం చదివారు. డి.ఎన్.ఏ. అంటారు దాన్ని. తోలు చెప్పింది రేపు బొక్క చెప్పదా?"

మజహర్ నవ్వాడు. "గట్లయితే నాకు పరేషానే సార్. నా గోదాములున్న బర్రెలన్నీ నోరు తెరిస్తే నేనెటు పోవాలె?"

శంకరప్ప కూడా నవ్వాడు గాని, అతనికి సెలవు అయిపోవచ్చింది. తాను వెళ్ళాక రైతులు గడ్డ తవ్వడం ఆపరు. బొక్కలు బయటపడితే తెచ్చేది మజహర్ దగ్గరికే. అందుకే వచ్చాడు. "పొడి కొట్టే మిల్లుకు మాత్రం పంపకు. ఎండాకాలంలో వస్తా. అందాకా చెడిపోకుండా, భద్రంగా ఉంచు" అన్నాడు. రైతులకు కూడా, ఒక గుంతలోవి ఒక మూటలోనే కట్టమని చెప్పి పోయాడు.

వాళ్ళు చెప్పినట్టే చేశారు. రెండు నెలల్లో ఏడు మూటలు వచ్చాయి. నాలుగు పెద్దవి, మూడు చిన్నవి. మజహర్ వాటిని ఒక మూలన వేరుగా పెట్టించాడు. ప్రొఫెసర్ మాట నిలబెట్టాలని అతనికి పట్టుదలగా ఉండింది. పదహారేళ్ళుగా అందరూ ముక్కు మూసుకుని తన గోదాము దాటిపోతుంటే, కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడిన చదువుకున్నవాడు ఆయనొక్కడే.

చెడిపోకుండా ఉంచడమంటే బొక్కల పనిలో ఒకటే పద్ధతి. సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టాలి. బొక్కలోని కొవ్వూ బంకా నీళ్ళలోకి దిగిపోతాయి. ఆ బంకనే మరగకాచి, చెక్కపని చేసే వడ్లవాళ్ళకు సరేసు జిగురు చేసి అమ్ముతారు కొందరు. బంక పోయిన బొక్కకు పురుగు పట్టదు, వాసన రాదు. ఆ పని గోదాములో కూలిచేసే నాగవ్వది. ఆమె మూటలు చూసి వెనక్కి తగ్గింది.

"సేటూ, గివి మనుషులయి."

"తెలుసు. ప్రొఫెసర్ సాబుకియ్యాలె. జర పైలంగ చెయ్యి."

"మరి మూటకొక కాగు పెట్టాల్నా?"

"ఏడు కాగులు నీ అయ్య తెచ్చిండా? ఒక్కదాంట్లెయ్. ఎండినంక ఏ రకానికి ఆ రకం తీసిపెట్టు, మన సరుకు లెక్కనే."

నాగవ్వ పొద్దంతా ఉడకబెట్టింది. పాల మీగడలా చిక్కబడ్డ నీళ్ళను గోదాము వెనక కాలువలో పారబోసింది. బొక్కలు నాలుగు రోజులు ఎండలో ఉండి దూదిలా తెల్లబడ్డాయి. తొడ బొక్కలు ఒక వరుస, పక్క బొక్కలు ఒక వరుస, తల పెంకులు ఒక గంప, దవడలు ఒక గంప, చిన్నవన్నీ ఒక చాట. ఇంత శుభ్రమైన సరుకు తన గోదాము ఎన్నడూ చూడలేదనుకున్నాడు మజహర్. పైన నీళ్ళు దిగని కొత్త తాటిపత్రి గుడ్డ కప్పించాడు.

ఏప్రిల్‌లో శంకరప్ప వచ్చాడు. అతని వెంట ఒకామె బస్సు దిగింది. కాశమ్మ, గొర్రెలు కాసే మల్లప్ప పెళ్ళాం. బూడిదగడ్డ కింది గూడెం వాళ్ళది. మూడు నెలలు మంద వెంట సరిహద్దు అవతలికి పోయి ఆ వారమే తిరిగొచ్చారు. వచ్చి చూస్తే గడ్డ అంచు తవ్వేసి ఉంది. కరువు ఏడు చచ్చిపోయిన నాలుగేళ్ళ బిడ్డ ఎంకమ్మను వాళ్ళు ఆ అంచులోనే పెట్టారు.

"మా ఎంకిని గుడ ఈడికే తెచ్చిన్రంట సేటూ. చిన్న మూట. గా మూట ఇయ్యి, తీస్కపోయి మల్ల మట్టిల పెట్టుకుంట."

మజహర్‌కు ఇంకా అర్థం కాలేదు. ముందు ప్రొఫెసర్ మెచ్చుకోలు వినాలన్న ఆత్రంలో తాటిపత్రి లాగాడు. "చూడున్రి సార్. ఒక్క పురుగు లేదు."

శంకరప్ప వరుసల వైపు చూశాడు. ఒక తొడ బొక్క ఎత్తాడు. తేలిగ్గా సుద్దముక్కలా లేచింది. పెట్టేశాడు.

"ఉడకబెట్టావా?"

"సోడా వేసి. మస్తు ఉడికినయి."

"మూటలు?"

"విప్పినం. లేకుంటే రకాలెట్ల తీస్తం?"

శంకరప్ప గోనెసంచి మీద కూర్చుండిపోయాడు. అరవలేదు. అరిచి ఉంటే మజహర్‌కు సులువుగా ఉండేది. మెల్లగా, పాఠం చెప్పినట్టే చెప్పాడు. "బొక్క ఎన్నేళ్ళదో, ఎవరి వంశమో, దొరికేదేదైనా ఆ బంకలోనే దొరకాలి సేటూ. నువ్వు దాన్నే తీసి పారబోశావు. ఏ తొడ ఏ తలదో కూడా ఇప్పుడు దేవుడికే తెలియాలి."

కాశమ్మకు ఉడకబెట్టిన మాటా, బంక మాటా పట్టలేదు, ఆమె కళ్ళు చిన్న బొక్కల మీదే ఉన్నాయి. ఆమె చాట ముందు కూర్చుంది. వేలెడేసి బొక్కలు, గుప్పెడు పెంకులు. ముగ్గురు పిల్లలవి, అన్నీ ఒకే తెలుపు. "ఇండ్ల మా ఎంకియి ఏవి?" అంది.

మజహర్ ఒక పక్క బొక్క తీసి నాలుకకు ఆనించాడు. పట్టుకుంది. ఇంకొకటి. అదీ పట్టుకుంది. బంక పోతే నాలుగువేల ఏళ్ళదైనా పదమూడేళ్ళదైనా అంతే.

శంకరప్ప అతన్ని గోదాము బయటికి తీసుకెళ్ళాడు. "పళ్ళ మీద గాజులాంటి పొర ఉంటుంది. లోపల బంక కొంచెం మిగిలి ఉండొచ్చు. దవడలన్నీ నేను తీసుకెళ్తాను. పరీక్షలో కొత్తదేదో పాతదేదో తేలవచ్చు. ఏడాది పడుతుంది. ఆమెతో ఉన్న మాట చెప్పు."

మజహర్ లోపలికి చూశాడు. ఏడాదిపాటు ఆమె వచ్చి పోతూ ఉంటుంది. దోమ, కుల్కచర్ల, నవాబుపేట, అన్ని సంతల్లోనూ మాట పాకుతుంది. బొక్కల సేటు మనిషి బిడ్డను కాగులో ఉడకబెట్టాడని. ఆ తర్వాత అతనికి ఒక్క బొక్క తెచ్చేవాడుండడు, ఒక్క ఊళ్ళో అడుగు పెట్టనిచ్చేవాడుండడు. లెక్క అక్కడికక్కడే తేలిపోయింది.

ఆమె చూపు చాట మీదే ఉండగా దవడల గంప ప్రొఫెసర్ సంచిలోకి పోయింది. ఆయన రైలుకు వెళ్ళిపోయాక మజహర్ చాట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటే ఎత్తి, కన్నుకు దగ్గరగా పెట్టి, తూచి, ఒక బిడ్డకు సరిపడా ఏరాడు. ఆమె అతని వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

"గివే. నా పని గిదే గదమ్మా, నా కన్ను తప్పు పోదు."

కాశమ్మ వాటిని కొంగులో పోసుకుని తడిమింది. మళ్ళీ తడిమింది.

"నోరేది సేటూ?"

"మట్టిల కరిగిపోయింది. పసిదాని దవడ కదా, నిలవది."

ఆమె తలూపింది. కొంగు ముడేసుకుని, అతనికి దండం పెట్టి పోయింది.

మరుసటి ఏడు మే నెలలో ఉత్తరం వచ్చింది. పాత దవడలు ఏమీ చెప్పలేదని రాశాడు శంకరప్ప. సోడా పళ్ళ పొర లోపలికి కూడా దిగిందట. ఆ కాపరులు ఎవరో, ఎటునుంచి వచ్చారో ఆ మూటల్లోంచి ఇంక ఎవరికీ తెలియదు. చిన్న దవడల్లో ఒకటి మాత్రం పాతది కాదని తేలింది. పదిహేనేళ్ళ లోపుదే. "కాశమ్మ కూతురిది అదే అయ్యుంటుంది. తిరిగి ఇవ్వాలనే ఉంది. కానీ పరీక్షకు పళ్ళతో సహా దాన్ని పొడి చేయవలసి వచ్చింది. ఏమీ మిగలలేదు. మిగతా బొక్కల్లో ఆ బిడ్డవి ఏవో చెప్పే దారి లేదు. దయచేసి ఆమెకు తెలియజెయ్యి."

ఉత్తరం చించేస్తే సరిపోయేది. మజహర్ రెండు రోజులు జేబులో మోశాడు. ఆమె ఎలా ఉందో చూసొస్తే ఏదో ఒకటి తేలుతుందనుకుని మూడో రోజు గూడేనికి వెళ్ళాడు. గొర్రెల దొడ్డి పక్కన చిన్న దిన్నె, అలికి ముగ్గేసి ఉంది. మల్లప్ప మందలో ఉన్నాడు. కాశమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"మంచిగున్నవా కాశమ్మా?"

"ఉన్న సేటూ. ఇప్పుడు నిద్ర పడుతున్నది. పదమూడేండ్లు కలల్లకొచ్చి ఆకలైతుందే అవ్వా అంటుండె. బువ్వ లేకనే పాయె గదా గా ఏడు. ఇంటికి తెచ్చుకున్నంక అడుగుతలేదు." ఆమె చిన్నగా నవ్వింది. "నోరు లేదు గద, ఎట్లడుగుతది."

మజహర్ మజ్జిగ తాగకుండానే చెంబు పక్కన పెట్టాడు. చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో తర్వాత ఎన్నిసార్లు లెక్క చూసుకున్నా తేలలేదు. ఉడకబెట్టడం, కలపడం, ఏరడం, దవడ, పొడి అన్నీ చెప్పాడు. వేసిన అబద్ధం కూడా చెప్పాడు.

కాశమ్మ దిన్నె వైపు చూసింది. "మరి గీడున్నది ఎవలు?"

"తెల్వదు. పాతోళ్ళ పిల్లలు కావచ్చు. అందరియి కలిసి ఉండొచ్చు."

"పొడి ఏడ పోశిన్రు?"

"అడగలే. పరీక్షలనే అయిపోతదంట."

"బంక అంటివి గద. గది ఏడ పోశిన్రు?"

ఆ ఒక్కదానికి అతని దగ్గర జవాబుంది.

మర్నాడు మొదటి బస్సుకే ఆమె తాండూరు వచ్చింది. మజహర్ ఆమెను గోదాము వెనక్కి తీసుకెళ్ళి కాలువ చూపించాడు. ఏడాది పొడుగూతా కాగు నీళ్ళు పారిన చోటది, గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఎవరివో రెండు మేకలు మేస్తున్నాయి. కాశమ్మ మేకలను తోలలేదు, ఏడవలేదు. గడ్డి మధ్య కూర్చుని నేలమీద అరచేయి పెట్టింది. ఎండ నెత్తిమీదికి వచ్చినా చెయ్యి తీయలేదు.

గోదాము లోపలినుంచి నాగవ్వ పొగలు కక్కే బకెట్టుతో బయటికొచ్చి, గడ్డిలో కూర్చున్న ఆమెను చూసి ఆగిపోయింది.

"సేటూ, నీళ్ళు ఏడ పొయ్యాలె?"

మజహర్ అటూ ఇటూ చూశాడు.

"కింద పెట్టు" అన్నాడు.