రహమీమ్ పొడుగు ఊపిరి

షోఫార్‌గా ఊదే పొట్టేలు కొమ్ము వంకరగానే ఉండాలంటారు పెద్దలు, దేవుడి ముందు మనిషి వంగాలని గుర్తుచేయడానికి. యెరూషలేములో మా పేట యూదుల ప్రార్థనామందిరంలో ముప్పై ఏళ్ళుగా దాన్ని ఊదుతున్న రహమీమ్‌కి మాత్రం ఆ వంపు కొమ్ములోనే ఆగిపోయింది, మెడ దాకా రాలేదు.

ఆ ఏటి రెండ్రోజుల కొత్త సంవత్సరం పండగలో మొదటినాడు, వంద ఊదుళ్ళలో ఆఖరిదాన్ని, పొడుగుదాన్ని, ఆయన ఎంతసేపు లాగాడంటే వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్న పిల్లలు విసిగి వదిలేశారు. పెదవి చిట్లి నెత్తురొచ్చినా ఆపలేదు. బయటికొస్తూ రహమీమ్, ఆలివ్ కాయలమ్మే శబ్తాయ్ కనిపిస్తే అతని భుజం తట్టాడు.

"పోయిన వారం పొద్దుటి ప్రార్థనలో నువ్వూ ఊదావుగా? ఎవరో ఆవులిస్తున్నారనుకున్నార్రా అందరూ!"

ఇంట్లో భార్య జొహరా కాలు విరిగి మంచాన ఉంది. కనీసం ముప్పై ఊదుళ్ళు విననిదే ఆమెకు పండగే లేదు. రహమీమ్ కొమ్ము నోటికి ఆనించాడు. తుస్సుమంది. మళ్ళీ ఊదాడు. వాచిన పెదవి మాట వినలేదు.

"నెల్రోజులుగా సాధన సాధన అంటూ నా చెవులు చిల్లులు పొడిచావు కదయ్యా, అవి సరిపోవా?"

"సాధనకి ఊదినవి లెక్కలోకి రావే. నీకు వినిపించాలనుకుని ఊదాలి."

"అంటే అన్నిట్లో ఒక్కటీ నాకోసం కాదన్నమాట! పో, పొద్దు వాలకముందే శబ్తాయ్‌ని పిలుచుకురా."

రహమీమ్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్ళాడు. దానిమ్మ గింజలు తింటున్న శబ్తాయ్ చేతులు కడుక్కుని, ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనకుండా బయల్దేరాడు. దాంతో రహమీమ్‌కి ఇంకా మండింది.

శబ్తాయ్ ఊదినవి పొట్టివి, కాస్త వణికేవి. ఏడుపులా విరిగి విరిగి వచ్చే ఊదుళ్ళ దగ్గర జొహరా కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం రహమీమ్ ఎప్పుడూ చూడలేదు. తను ఊదేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు మరి.

"రేపు రెండోరోజుకీ నువ్వే రా తమ్ముడూ," అంది జొహరా.

"రేపటికి నా పెదవి తగ్గిపోతుందే!" రహమీమ్ గొంతులో అచ్చంగా భయం.

"తగ్గనీ. దేవుడు వినమన్నాడయ్యా, ఊదమన్లేదు. ముప్పై ఏళ్ళుగా ఊదుతూనే ఉన్నావు. రేపు నా పక్కన కూర్చో, ఒక్కసారి విందువుగాని."