పెద్దకోడలి ఫోల్డర్

ఇంట్లో కంప్యూటర్లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాక, బ్యాకప్ తెర మీద చివరికి ఒక్క ఎర్రచుక్క మిగిలింది. ఆ చుక్క పెద్దకోడలి కంప్యూటర్‌ది.

అది మామగారు పెట్టిన సంస్థ. రెడీమేడ్ బట్టలు కుట్టేవాళ్లకు ప్యాటర్న్‌లు, అంటే గుడ్డను ఏ ముక్క ఏ ఆకారంలో కత్తిరించాలో చూపే నమూనాలు, గీసి ఇస్తారు. కింది అంతస్తులో పని, పై అంతస్తులో కాపురం. ఒకప్పుడు మామగారు అట్టల మీద చేత్తో గీసేవారు. ఇప్పుడు పెద్దకోడలు కంప్యూటర్ మీద గీస్తుంది. పెద్దకొడుకు ఆర్డర్ల కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. చిన్నకొడుకు నమూనాలను పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి పంపుతాడు. కంప్యూటర్ల బాగోగులు చిన్నకోడలివి. పెళ్లికి ముందు ఆమె చేసిన ఉద్యోగమూ అదే.

రోజూ మధ్యాహ్నం అందరూ భోజనాలకు పైకి వెళ్లగానే, సామాన్ల గదిలో కాగితపు చుట్టల వెనక ఉన్న బ్యాకప్ పెట్టె ఒక్కో కంప్యూటర్‌నూ పలకరించి, మారిన ఫైళ్లను కాపీ చేసి దాచుకుంటుంది. కొత్త సిస్టమ్ వేశాక దానికి అన్ని కంప్యూటర్లతోనూ పేచీ వచ్చింది. చిన్నకోడలు ప్రోగ్రాం కొత్తది తెచ్చి, అనుమతులు మళ్లీ ఇచ్చి, ఒక్కొక్కదాన్నే దారికి తెచ్చింది. పెద్దకోడలిది మాత్రం లొంగలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా బ్యాకప్ పెట్టె ఒకటే మాట: ఈ పేరుతో కంప్యూటర్ దొరకలేదు.

దొరకకపోవడమేమిటి? కంప్యూటర్ కళ్లెదుటే ఉంది. దాని నుంచి ప్రింటుకు ఫైళ్లు వస్తున్నాయి. ఇంటర్నెట్ నడుస్తోంది. మరి బ్యాకప్‌కు మాత్రమే ఎందుకు మొహం చాటేస్తోంది?

చిన్నకోడలి మనసు అక్కడితో ఆగలేదు. ఈ మధ్య పెద్దకోడలు బల్లను గోడవైపు జరుపుకుంది. తెర ఇప్పుడు గదిలో ఎవరికీ కనబడదు. ఎవరైనా దగ్గరికొస్తే చటుక్కున ఏదో నొక్కుతుంది, తెర మీద బొమ్మ మారిపోతుంది. భోజనానికి అందరికంటే ఆలస్యంగా వస్తుంది. వచ్చినా రెండు ముద్దలు తిని లేచిపోతుంది.

"ఏమండీ, అక్క ఏదో దాస్తోంది," అంది భర్తతో.

"వదినా? ఏం దాస్తుంది, కత్తెరలా?" అని అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నాన్న మొన్న ఆమె గీసిందేదో చూసి చెడామడా తిట్టాడట. వేరు పడే ఆలోచన గాని చెయ్యట్లేదు కదా?" అన్నాడు.

ఆ మాట చిన్నకోడలి చెవిలో జోరీగలా చేరింది. వేరు పడేవాళ్లు ముందుగా చేసే పని ఏమిటి? నమూనాలు పట్టుకుపోవడం. పట్టుకుపోయే ముందు? కాపీలు లేకుండా చూసుకోవడం. భోజనాల వేళ అందరూ పైకి వెళ్లాక కేబుల్ పీకేస్తోందేమో!

మర్నాడు ఆమె భోజనానికి అందరితో పాటు పైకి వెళ్లి, ఉప్పు డబ్బా కోసమన్నట్టు లేచి, మెట్లు దిగి కిందికి వచ్చింది. పెద్దకోడలి కుర్చీ ఖాళీగా ఉంది. చిన్నకోడలు బల్ల కిందికి దూరి, మోకాళ్ల మీద పాకుతూ గోడ దాకా వెళ్లి కేబుల్ పట్టుకుని చూసింది. గట్టిగానే ఉంది. పక్కన పచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది.

"ఏం పోగొట్టుకున్నావు?"

చిన్నకోడలి తల బల్లకు ఠపీమని తగిలింది. పెద్దకోడలు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"కేబుల్ చూస్తున్నానక్కా. మీ కంప్యూటర్ బ్యాకప్ అవ్వట్లేదు."

"అయితే నన్నడగొచ్చు కదా. నేను లేనప్పుడు దొంగపిల్లిలా దూరడమెందుకు?"

"అడిగితే పాస్‌వర్డ్ ఇవ్వనన్నారుగా."

"ఇవ్వను. నా పాస్‌వర్డ్ నీకెందుకు? కాపీ చేసేది పెట్టె అంటావు, పాస్‌వర్డ్ మాత్రం నీకు కావాలంటావు. ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో నీకు తెలిస్తే గాని అన్నం సహించదా?"

బల్ల కింద కూర్చుని పోట్లాడటం కష్టం. చిన్నకోడలు బయటికి వచ్చి దుమ్ము దులుపుకుంది. కోపంగానే ఉన్నా, పని మాత్రం వదల్లేదు. "అక్కా, ఒక్కటి చెప్పండి. కొత్త సిస్టమ్ వేశాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

"ఏవేవో అడిగింది. ఇది మీ సొంత నెట్‌వర్కా, బయటిదా అంది."

"మీరేమన్నారు?"

"బయటిదే అన్నాను. ఎందుకైనా మంచిదని."

చిన్నకోడలికి చిక్కుముడి విడిపోయింది. బయటి నెట్‌వర్క్ అనగానే ఆ కంప్యూటర్ తలుపులన్నీ మూసుకుంది. తను వెళ్లి అందరితో మాట్లాడుతుంది గాని, తనను వెతుక్కుంటూ వచ్చిన ఎవరికీ పలకదు. పదిమందిలో ఉన్నా ఇంట్లో లేనట్టే. "అక్కడ సొంతది అని మార్చండి. నేను ముట్టుకోను. మీరే నొక్కండి," అంది.

పెద్దకోడలు ఆమె మొహం వంక చూస్తూనే నొక్కింది. సాయంత్రం లోపల ఎర్రచుక్క పచ్చబడింది.

అక్కడితో అయిపోయేది. కాని ఆ పచ్చచుక్క పక్కన చిన్న పసుపు గుర్తు కూడా వచ్చింది. ఒక ఫోల్డర్‌ను చదవడానికి అనుమతి లేదట. ఆ ఫోల్డర్ పేరు 'కుర్చీ'.

బట్టల నమూనాల మధ్య కుర్చీ ఏమిటి? చిన్నకోడలు ఆ పేరును ఎన్ని విధాల తిప్పి చూసిందో. కుర్చీ అంటే పదవి. అంటే మామగారి కుర్చీ? ఆస్తి పంపకాల కాగితాలా? భర్తకు చెబితే గోరంత కొండంత అవుతుందని చెప్పలేదు. కాని మామగారితో కలిసి పెద్దకోడలు మెట్లెక్కుతున్నప్పుడు వెనక నుంచి ఆమె వీపును చూస్తూ, ఈమె మనసులో ఏముందో అనుకోకుండా ఉండలేకపోయింది. తలుచుకుంటే తన కంప్యూటర్ నుంచే ఆ ఫోల్డర్‌కు అనుమతి ఇచ్చుకోవడం తనకు పెద్ద పని కాదు. రెండుసార్లు ఆ అనుమతుల పేజీ దాకా వెళ్లింది. తెరిచాక తను చూసింది తెలియనట్టు నటిస్తూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి కదా అనిపించి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. చివరికి నేరుగా వెళ్లి చెప్పింది.

"అక్కా, మీ ఫోల్డర్ ఒకటి కాపీ అవ్వట్లేదు. డిస్క్ పోతే అది పోయినట్టే. మీ ఇష్టం."

పెద్దకోడలి మొహంలో రంగు మారింది. "దాని సంగతి నీకెలా తెలుసు?"

"పేరు ఒక్కటే కనబడుతుంది. లోపలేముందో కనబడదు. కావాలంటే దానికి తాళం వేసి, తాళంతోనే కాపీ చేసేలా పెడతాను. తాళం మాట మీరే కొట్టుకోండి. నాక్కూడా తెలియదు. కాని మరిచిపోతే దేవుడు కూడా తెరవలేడు."

పెద్దకోడలు చాలాసేపు ఆలోచించింది. "నువ్వు అటు తిరుగు," అంది చివరికి. చిన్నకోడలు గోడవైపు తిరిగి నిలబడింది. మీటల చప్పుడు వినబడింది. కొట్టేది కొడుతూ పెద్దకోడలు ఎందుకో కిసుక్కున నవ్వింది కూడా. ఆ నవ్వు చిన్నకోడలికి నచ్చలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం పెద్దకోడలి కంప్యూటర్ టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది. డిస్క్ చచ్చింది. చిన్నకోడలు కొత్త డిస్క్ వేసి, సిస్టమ్ ఎక్కించి, బ్యాకప్ పెట్టె నుంచి ఫైళ్లు వెనక్కి తెప్పించింది. చొక్కాలు, గౌన్లు, పిల్లల నిక్కర్లు, కాలర్లు అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. 'కుర్చీ' మాత్రం తాళం మాట అడిగింది.

పెద్దకోడలు కొట్టింది. తప్పు అంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

"నువ్వే మార్చావు," అంది పెద్దకోడలు.

"నాకు పాతదే తెలియనప్పుడు కొత్తదెలా పెడతానక్కా?"

"నీకు తెలియంది ఏముంది ఈ ఇంట్లో! ఆ రోజు బల్ల కింద నిన్ను చూసినప్పుడే అనుకున్నాను. మామయ్యగారికి చూపించావా? చూపించి, నా చేతికి రాకుండా చేశావా?"

"మామయ్యగారికా? ఏముందని చూపిస్తాను? అందులో ఏముందో నాకేం తెలుసు?" చిన్నకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేరు పడదామని మీరు దాచుకున్నవేవో మీ దగ్గరే ఉంచుకోండి. నేను ఆ ఫోల్డర్ జోలికి పోదామనుకుని కూడా పోలేదు. ఆ సంగతి మీకు చెప్పినా నమ్మరు."

పక్క గదిలో చిన్నకొడుకు ప్రింటు తీస్తున్న కాగితం సరసరమని జారుతోంది.

ముందు తేరుకుంది చిన్నకోడలే. "ఆ గడిలో కొడితే చుక్కలే కనబడతాయి. ఖాళీ పేజీ తెరిచి అందులో కొట్టండి. ఏం పడుతోందో మీరే చూసుకోండి. నేను బయటికి వెళ్తాను."

ఆమె గుమ్మం దాటింది. కొంతసేపటికి లోపలి నుంచి పిలుపు వచ్చింది. "సరిగ్గానే పడుతోంది. నువ్వే రా. నీకు చూపించక తప్పేట్టు లేదు." పెద్దకోడలి చెవులు ఎర్రబడ్డాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది.

తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక తెలుగు మాట ఉంది. ఆరాల, తర్వాత @ గుర్తు, ఆ తర్వాత రాణి.

"ఆరాల రాణి ఎవరక్కా?" అంది చిన్నకోడలు. అడుగుతుండగానే అర్థమైంది. ఊళ్లో వాళ్ల ఆరాలన్నీ తీసే మనిషి. బల్ల కింద దొరికిన మనిషి.

"ఆ రోజు కోపంలో ఉన్నాను," అంది పెద్దకోడలు నేల చూపులు చూస్తూ.

చిన్నకోడలికి ముందు చురుక్కుమంది. తర్వాత ఆ రోజు వెనక నుంచి వినబడ్డ నవ్వు గుర్తొచ్చి, తనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ @ గుర్తు దగ్గర ఆగిపోయింది. కొత్త సిస్టమ్ వేసినప్పుడు కొన్ని కంప్యూటర్లలో కీబోర్డు వేరే దేశపు పద్ధతిలో పడింది. ఆ పద్ధతిలో @ ఉన్న చోట నొక్కితే కొటేషన్ గుర్తు పడుతుంది. మెయిల్ అడ్రసులు రావట్లేదని పెద్దకోడలు విసుక్కుంటే, తనే వచ్చి సరిచేసింది. కాని తాళం వేసింది అంతకు ముందు. చుక్కల మాటున ఏం పడిందో ఇద్దరికీ తెలియలేదు.

"అక్కా, @ తీసేసి అక్కడ కొటేషన్ గుర్తు పెట్టి కొట్టండి."

పెద్దకోడలు నమ్మకం లేకుండానే కొట్టింది. ఫోల్డర్ తెరుచుకుంది.

చిన్నకోడలు లేచి వెళ్లబోతే, పెద్దకోడలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇంత దాకా వచ్చాక ఎక్కడికి? చూడు."

చొక్కాలు, ప్యాంట్లే. కాని ఆకారాలు వింతగా ఉన్నాయి. ప్యాంటు ముందు భాగం కురచ, వెనక భాగం పొడుగు. చొక్కాకు వెనకవైపు బొత్తాలు.

"పక్షవాతం వచ్చాక మా అమ్మ చక్రాల కుర్చీలోనే ఉంటోంది. మామూలు బట్టలన్నీ నిలబడేవాళ్ల కోసం కుట్టినవే. కూర్చుంటే నడుం దగ్గర జారిపోతాయి, ఒళ్లో ముడుచుకుపోతాయి. చెయ్యి ఎత్తలేని మనిషికి చొక్కా తొడగాలంటే ఆవిడకూ ఏడుపే, తొడిగేవాళ్లకూ ఏడుపే. అందుకని ఇవి గీశాను. మామయ్యగారికి చూపిస్తే, పనికిమాలిన పని, మళ్లీ నా కంట పడనివ్వకు అన్నారు." ఆమె కాస్త ఆగింది. "నువ్వనుకున్నదీ అబద్ధం కాదు. వెనక వీధిలో గది చూశాను. వేరే పెడదామనుకుంటున్నాను. చెప్తావా?"

"చెప్పాల్సింది మీరు," అంది చిన్నకోడలు. "మీరు చెప్పేదాకా నాకేం తెలియదు."

ఆ తర్వాత ఇద్దరూ గుసగుసలాడుకోవడం మామగారి కంటపడింది. కోడళ్లిద్దరూ కలిసి నవ్వుకుంటున్నారంటే ఏదో గూడుపుఠాణీ నడుస్తోందని ఆయన పెద్దకొడుకు ఊరి నుంచి రాగానే అతని చెవిన వేశారు. పెద్దకోడలే గది సంగతి బయటపెట్టిన రోజు ఇల్లు దద్దరిల్లింది. ఆయన కేకలన్నీ అయ్యాక చిన్నకోడలి వైపు తిరిగారు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు మామయ్యగారూ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నా సంగతి కాదు గదండీ చెప్పడానికి."

ఆయన చాలా రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు.

వెనక వీధి గదిలో పెద్దకోడలు పని మొదలుపెట్టింది. కంప్యూటర్ పెట్టడానికి చిన్నకోడలే వెళ్లింది. ఏది నొక్కినా పెద్దకోడలు "ఇది దేనికి? ఇది నొక్కితే ఎవరికి కనబడుతుంది?" అని పక్కనే నిలబడి అడుగుతూనే ఉంది. చిన్నకోడలు విసుక్కుంటూనే చెప్పింది.

ఒకరోజు వాళ్లు ఆ పనిలో ఉండగానే గుమ్మంలో మామగారు కనబడ్డారు. ఎవరినీ పలకరించకుండా లోపలికొచ్చి, తాడుకు వేలాడుతున్న చొక్కా ఒకటి తీసి తిరగేసి బోర్లేసి చూశారు.

"వెనకాల బొత్తాలేమిటి, ముందూ వెనకా తెలియకుండా?"

ఆయన ఆ చొక్కాను తను వేసుకున్న చొక్కా మీదే, చేతులు పైకెత్తకుండా, కష్టపడి తొడుక్కున్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందుకు వంగారు, వెనక్కి వాలారు, ఒక చెయ్యి కదపకుండా రెండో చేత్తో బల్ల మీది కత్తెర అందుకోబోయారు.

"చంక దగ్గర పట్టేస్తోంది," అన్నారు గోడకేసి చూస్తూ. "ఇక్కడ ఇంకో వేలెడు వదులు ఇవ్వాలి."

పెద్దకోడలు మెడలోని టేపు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.