కింది వార్డు కాగితం

మేడ మీద గదుల్లో ఉండేవాళ్లు మనుషులు, కింది వార్డులో ఉండేవి మంచాలు. ఆ వృద్ధాశ్రమం గురించి టైలరమ్మ అభిప్రాయం అది. కిందికి దింపిన వాళ్లెవరూ తిరిగి మెట్లెక్కి రావడం ఆమె చూడలేదు. తనంతట తాను తినలేని వాళ్లను కిందికి దింపెయ్యాలన్నది అక్కడి రూలు.

నిమోనియా తగ్గాక ఆమె ఎంతవరకు కోలుకుందో చూడడానికి నర్సు ఫారం పట్టుకుని మేడ మీద ఆమె గదికి వచ్చింది. వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి, ముసలామెను వదిలేసి ఆయాను అడిగింది.

"నడుస్తారా?"

"పట్టుకుంటే నడుస్తారండీ."

"తినడం?"

"నేనే పెడుతున్నానండీ."

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. యాభై ఏళ్లు కొలతలు తీసి బతికిన మనిషి. ఒకరి నడుము కొలత పక్కవాళ్లనడిగి ఏనాడూ రాసుకోలేదు.

"నేనింకా చావలేదు, నన్నడుగు," అంది.

"అడుగుతున్నాం కదా పెద్దమ్మా." నర్సు తలెత్తలేదు.

"నువ్వడిగింది దాన్ని. నేనే తింటే ముప్పావుగంట పడుతుందని, పదిహేడు రోజులుగా అదే నా నోట్లో కుక్కుతోంది. దాని తొందరంతా నా రోగం కింద రాసేస్తున్నావు."

ఆయా మూతి తిప్పుకుంది. "పన్నెండు మందికి నేనొక్కదాన్నే. మీ దగ్గరే కూర్చుంటే మిగతావాళ్లు పస్తులుండాలా?"

అందులో అబద్ధం లేదు. అందుకే టైలరమ్మ కోపం రెట్టింపైంది.

"పళ్లెం తెప్పించు. నీ కళ్లముందే తింటా."

నర్సు వాచీ చూసుకుని సరేనంది. మెత్తగా మెదిపిన అన్నం వచ్చింది. మొదటి చెంచా సగం గడ్డం మీద పడింది. రెండోది కాస్త నయం. మూడోది ఒక్క మెతుకు జారకుండా నోట్లోకి వెళ్లింది. నర్సు ఫారంలో 'తనంతట తినలేరు' అన్న గడి మీద ఆనించిన పెన్ను పైకి తీసింది. టైలరమ్మ అది చూసింది. గెలిచాననుకుంది. చెంచా పళ్లెంలో పెట్టి ఊపిరి తీసుకుంటూ, ఈ నర్సు పిల్లకు ఏ మాట తగిలించాలా అని వెతుక్కుంది.

చెంచా ఖాళీగా కనబడగానే ఆయా అందుకుంది. కక్షతో కాదు, అలవాటు. అన్నం తీసి పెదాల దాకా తెచ్చి, "ఆఁ" అంది.

టైలరమ్మ నోరు తెరుచుకుంది. పదిహేడు రోజులుగా ఎలా తెరుచుకుంటోందో అలాగే, ఆమెను అడక్కుండానే.

నర్సు ఆ గడిలోనే టిక్కు పెట్టి కాగితం తిప్పింది. టైలరమ్మకు ఇద్దరినీ కడిగిపారెయ్యాలనిపించింది, కానీ నోటినిండా అన్నం ఉంది.