రుక్కమ్మ చేతిలో పాస్‌పోర్టు

శాంతవ్వ పాస్‌పోర్టు పోస్టులో పోయిందని తాండూరులో తెలియనివాళ్లు లేరు. ఆవిడే అందరికీ చెప్పింది. చర్చిలో చీటీలు తీస్తే యెరూషలేము యాత్రకు ఆవిడ పేరు వచ్చింది. హాస్టల్లో వండి వార్చడమే తప్ప హైదరాబాదు దాటి ఎరగని మనిషి, ఆ రోజు నుంచి నేల మీద నడవడం మానేసింది. పాస్‌పోర్టు ఈ సాయంత్రంలోగా యాత్ర నడిపే ఇమ్మానుయేలుకు అందకపోతే, ఆ సీటు రెండో చీటీ వచ్చిన రుక్కమ్మకు పోతుంది. రుక్కమ్మ పాస్‌పోర్టు ఎప్పుడో వచ్చి బీరువాలో కూర్చుంది.

"నాది రావద్దని గా రుక్కమ్మనే ఉపవాస ప్రార్థన పెట్టుంటది" అని శాంతవ్వ ఆదివారం పాటల బృందంలో అనేసింది. రుక్కమ్మ వెనక వరసలోనే నిలబడి ఉంది.

ఆధార్‌లో వికారాబాద్‌లోని తమ్ముడు బాలస్వామి ఇల్లే ఉంది కాబట్టి పాస్‌పోర్టు అక్కడికి రావాలి. తమ్ముణ్ని ఎప్పుడడిగినా "ఫికర్ చెయ్యకక్కా" అన్నాడే తప్ప వచ్చిందనలేదు. ఇక లాభం లేదని ఆ ఉదయం కొంగు నడుముకు చుట్టి, పోస్టాఫీసు సంగతి తేల్చడానికి రైలెక్కింది. ఆ తొందరలో చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ ఇంట్లోనే వదిలేసింది.

వికారాబాద్‌లో ఆవిడ గొంతు విని పోస్ట్‌మ్యాన్ మల్లప్ప బయటికొచ్చాడు. అన్నన్ని మాటలు పడ్డాక నెమ్మదిగా అన్నాడు:

"మీ తమ్మునికిచ్చిన గదమ్మా. ఆయనకియ్యిమని మీరే సంతకం పెట్టి కాయితం పంపిన్రు."

పంపిన మాట నిజమే. శాంతవ్వ గొంతు తగ్గించుకుని తమ్ముడింటికి నడిచింది. బాలస్వామి అక్కను చూసి నోరు తెరిచాడు.

"నువ్వెందుకొచ్చినవక్కా? పొద్దుగాలనే పంపిస్తినిగా!"

"వచ్చిందని ఫోన్ల చెప్పొద్దారా?"

"ఫోన్ల చెప్తె ఎవలన్న ఇంటరు. అసలే పాస్‌పోర్టు. తెల్వనోళ్ల చేతికిస్తనా? మన చర్చి మనిషి దొరికేదాక ఆగిన."

వికారాబాద్ నుంచి తాండూరుకు ఏది పంపాలన్నా అక్కడి జనం రైలునే నమ్ముతారు. బీపీ గోళీలు, కుట్టిన జాకెట్లు, మరిచిపోయిన తాళంచెవులు, మామిడికాయ తొక్కు, ఏదైనా సరే. ప్లాట్‌ఫాం మీద తెలిసిన ముఖం కనిపిస్తే చాలు, చేతిలో పెట్టేస్తారు.

"ఎవలికిచ్చినవ్‌రా?"

"రుక్కమ్మకు. కండ్ల దవాఖానకొచ్చి రాత్రి ఈడనే చుట్టాలింట్ల ఉన్నదట. దేవుడే పంపినట్టు దొరికింది."

శాంతవ్వ గడపలోనే కూలబడింది. ఊళ్లో ఇంతమంది ఉండగా ఆ చేతికే ఇచ్చాడు!

తిరుగు రైల్లో కాసేపు రుక్కమ్మను మనసులో ఉతికి ఆరేసింది. ధారూరు దాటాక కోపం అయిపోయి ఏడుపు మిగిలింది. ఇక యెరూషలేము లేదు, గలిలయ సముద్రమూ లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తాండూరులో దిగి, అడిగి చూద్దామని ఇమ్మానుయేలు జిరాక్స్ షాపుకు వెళ్లింది.

అక్కడ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రుక్కమ్మ కూర్చుని ఉంది. ఇమ్మానుయేలు బల్ల మీద శాంతవ్వ పాస్‌పోర్టు ఉంది.

"పొద్దుగాలనే తెచ్చిచ్చిందక్కా. నీ సీటు ఖాయమైంది. నువ్వొచ్చేదాక కదలనని కూసున్నది" అన్నాడు అతను.

శాంతవ్వ పాస్‌పోర్టు తీసి తన పేరు చూసుకుంది. రుక్కమ్మే అందుకుంది.

"ధారూర్ దాక మంచిగనే ఉన్న. ఆడికెల్లి బుద్ధి జర వంకర పోయింది. సంచి అడుగుకు ఏసి, మర్సిపోయిన అంటే ఎవలికెర్క అనుకున్న. ఇంటికి పోతే ఇస్తునో ఇయ్యకపోదునో అని సీదా ఈడికే వచ్చిన."

శాంతవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీది నా చేతిల పడుంటే నేను ఇయ్యకపోదునేమో రుక్కా."

"నాకెర్కలేదా? వచ్చే యేడు నాకు చీటీ వస్తే నా పాస్‌పోర్టు నేనే తెచ్చి ఇమ్మానుయేలుకిస్త. నీ చేతికి మాత్రం ఇయ్య" అంది రుక్కమ్మ, చెయ్యి వదలకుండానే.