రెండు గంటలకు ఎడమ వైపు

నర్సమ్మకు పొగరెక్కిందని కింది వాటా ఆవిడ పాలవాడితో అందట. పాలవాడు ఆ మాటను పాలతోపాటు వీధంతా పోసి వచ్చాడు. మెట్ల మీద పలకరిస్తే గోడను చూసినట్టు చూసి పోతోందట.

పొగరు కాదు. మెట్లు దిగేటప్పుడు నర్సమ్మ కళ్ళు తెరుచుకునే నిద్రపోతోంది. ఇరవై ఆరేళ్ళుగా మంచాన పడ్డవాళ్ళ వార్డులో పని. రెండు గంటలకోసారి ఒక్కొక్కరినీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, మోకాళ్ళ మధ్య దిండు, కాగితం మీద వేళ, వైపు. పద్దెనిమిది పడకలు. చివరి పడక దాకా వెళ్ళేసరికి మొదటి పడకకు మళ్ళీ వేళవుతుంది.

ఆ ఉదయం పెద్ద సిస్టరు సెలవు కాగితం మళ్ళీ ముందు పెట్టింది.

"నెల రోజులు. సంతకం పెట్టు."

"నేను పోతే వీళ్ళనెవరు తిప్పుతారక్కా?"

"అబ్బో! భూమిని కూడా నువ్వే తిప్పుతున్నావు కాబోలు!"

నర్సమ్మ నవ్వాలనుకుంది. నవ్వు ఎక్కడో పక్క ఊళ్ళో మోగిన గంటలా వినిపించి ఆగిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పడకల దగ్గరకు నడిచింది.

ఏడో పడక ముసలి దర్జీది. తిప్పినప్పుడల్లా ఏదో ఒకటి అంటాడు.

"గుడ్డను తిరగేసినట్టు తిరగేస్తున్నావు కదమ్మా. లోపలి కుట్లు కనపడుతున్నాయా?"

ఒకప్పుడైతే, "కుట్లు గట్టివే బాబాయ్, బొత్తాలే వదులు" అనేది. ఆ రోజు "ఊఁ" అంది.

మధ్యాహ్నం తెరల్లోంచి వెలుగు బియ్యం కడిగిన నీళ్ళలా దిగింది. తెల్లటి పడకలు ఒడ్డుకు కట్టిన పడవల్లా మెల్లగా ఊగాయి. ఒక పడవ నుంచి ఇంకో పడవలోకి అడుగు వేస్తూ పోయింది, కాళ్ళ కింద నేల ఉన్నట్టే లేదు. భుజం, తుంటి, దిండు. "ఇటు తిరగండి బాబాయ్. ఆఁ, అంతే." దుప్పటి సర్దింది. రెండు గంటలు, ఎడమ వైపు అని రాసింది. ఎనిమిదో పడకకు వెళ్ళింది.

మూడింటికి మందులివ్వడానికి వచ్చిన కొత్త నర్సు ఏడో పడక దగ్గర నుంచి పిలిచింది.

"అక్కా... ఈయన పోయి చాలాసేపైనట్టుంది. దవడ బిగుసుకుంది."

డాక్టరు వచ్చి చూశాడు. ఒంటిగంట లోపే నిద్రలో పోయి ఉంటాడు, ముసలి గుండె, ఎవరి తప్పూ లేదన్నాడు.

నర్సమ్మ తన చేతుల వంక చూసుకుంది. బతికున్నవాణ్ణి ఎలా తిప్పాయో, పోయినవాణ్ణీ అలాగే తిప్పాయి. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. అప్పుడు భయమేసింది.

సాయంత్రం, ఉతికిన చొక్కా సంచిలో పెట్టుకుని దర్జీ భార్య వచ్చింది. పడక అంచున కూర్చుని భర్త జుట్టు సవరించింది.

"ప్రశాంతంగా పోయారమ్మా. మా సిస్టరు పక్కనే ఉంది" అంది పెద్ద సిస్టరు.

"పోయేటప్పుడు ఏమన్నా అన్నాడా తల్లీ?"

దీనికి వార్డులో అందరికీ నోటికి అలవాటైన జవాబొకటుంది: మిమ్మల్నే తలుచుకున్నారు. నర్సమ్మ దాన్ని వందసార్లయినా చెప్పి ఉంటుంది. ఇప్పుడు నోరు తెరిస్తే అది రాలేదు.

"తెలీదు పిన్నీ. పోయాక కూడా తిప్పి పడుకోబెట్టాను. ఆయనతో మాట్లాడాను కూడా. నాకు తెలీనే లేదు."

పెద్ద సిస్టరు తల దించుకుంది. ముసలావిడ నర్సమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అయితే ఇంటికెళ్ళి పడుకో తల్లీ. ఇంకొకరి మొగుడికి ఇలా చెయ్యకు."