నక్షత్రం ఉన్న నాణెం

మ్యూజియంలో నాణేల గదికి ముప్పై ఏళ్ళుగా పెద్ద దిక్కు భూతద్దం బాబాయే. ఆర్నెల్ల కిందట ఆయన తోడల్లుడు అదే గదిలో ఉద్యోగానికి చేరాడు. అప్పట్నుంచి ఆయనకి కడుపుమంట పట్టుకుంది. ఇంట్లో భార్య కూడా వడ్డిస్తూ వడ్డిస్తూ "మా చెల్లెలి మొగుడు పట్టుకుంటే చాలట, నాణెం నోరు విప్పుతుందట" అంటుంది.

ఆ రోజు పై అధికారిణి అరిగిపోయిన రోమన్ వెండి నాణెం ఒకటి తెచ్చి, నేరుగా తోడల్లుడి బల్ల మీద పెట్టింది. బాబాయికి ఒళ్ళు మండింది. లాక్కున్నంత పని చేసి, దాని మీది పేరు చదివి, ఫలానా చక్రవర్తిదని తేల్చేశాడు.

"అన్నగారూ, ఆ పేరుతో ఇద్దరు చక్రవర్తులున్నారు కదా," అన్నాడు తోడల్లుడు మెల్లగా. "వెనకవైపు దేవత పక్కన చిన్న నక్షత్రం ఉంది చూడండి. అది తరవాతి అతని గుర్తు."

నక్షత్రం ఉంది. అధికారిణి తోడల్లుణ్ణి మెచ్చుకుని వెళ్ళిపోయింది.

"ఇవన్నీ నీకెవడు నేర్పాడోయ్?"

తోడల్లుడు సొరుగులోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీశాడు. "బీరువా వెనక దొరికింది. పేరు లేదు. ఎవరో గానీ, మహా పనిమంతుడండీ."

బాబాయి పుస్తకం తెరిచాడు. నక్షత్రం బొమ్మా, దాని పక్కన గుండ్రటి అక్షరాలూ, అన్నీ పాతికేళ్ళ కిందట తాను రాసుకున్నవే. నావేనని చెబితే మరిచిపోయానని కూడా ఒప్పుకోవాలి.

"ఆ, పొడిచేశాడులే," అని పుస్తకం మూసేశాడు.